టిక్కులు ముందే పెట్టి తెచ్చిన సైబర్ బీమా ఫారంపై సంతకం చేయవచ్చా?

ప్రశ్న: మాది భీమవరం సమీపంలో రొయ్యల ప్రాసెసింగ్, ఎగుమతి యూనిట్. అమెరికా, జపాన్ బయ్యర్లకు సరుకు పంపుతాం. ఆఫీసులో 12 కంప్యూటర్లు ఉన్నాయి. గత సంవత్సరం మాకు బాగా తెలిసిన ఒక ఎగుమతిదారు ఈమెయిల్‌లోకి ఎవరో చొరబడి, ఆయన పేరుతోనే బయ్యర్‌కు వేరే బ్యాంకు ఖాతా నంబరు పంపారు. ఒక కంటైనర్ సొమ్ము పోయింది. ఇప్పుడు మా ఏజెంటు 2 కోట్ల రూపాయల సైబర్ బీమా పాలసీ తెచ్చారు. ప్రపోజల్ ఫారంలోని ప్రశ్నలన్నిటికీ ఆయనే ‘అవును’ అని టిక్ పెట్టి, సంతకం చేస్తే చాలంటున్నారు. మా అకౌంటెంటు మాత్రం మనలాంటి చిన్నవాళ్ల జోలికి ఎవరు వస్తారని అంటున్నాడు. మాకు ఫైర్ పాలసీ, సరుకు రవాణాకు మెరైన్ పాలసీ, ఈసీజీసీ (ఎగుమతి రుణ హామీ సంస్థ) కవర్ ఇప్పటికే ఉన్నాయి. ఇది కూడా అవసరమా? తీసుకుంటే, మా మిత్రుడికి జరిగినటువంటి నష్టం మాకు జరిగితే డబ్బు వస్తుందా? పాలసీ తీసుకునే నాటికే ఎవరైనా మా మెయిల్‌లో దూరి ఉంటే ఏమవుతుంది?
— ఒక ఎగుమతిదారు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: నమస్కారం. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టినది ఆ టిక్కుల సంగతి. అందుచేత పాలసీ మంచిచెడ్డలకు ముందు దాని గురించే రాస్తాను. దయచేసి ఆ ఫారంపై సంతకం చేయవద్దు.

బీమా ఒప్పందం పరిపూర్ణ విశ్వాసం మీద నడిచే ఒప్పందం. మీ కార్యాలయం లోపల ఏముందో బీమా కంపెనీ వచ్చి చూడదు. మీరు రాసిచ్చిన జవాబులను నమ్మి ప్రీమియం ఎంతో లెక్క కడుతుంది, వాటినే ఆధారం చేసుకుని ఎంత మొత్తానికి పూచీ పడాలో నిర్ణయించుకుంటుంది. నష్టం జరిగిన తరువాత మాత్రం నిపుణులను పంపి కంప్యూటర్లన్నిటినీ క్షుణ్ణంగా పరిశీలిస్తుంది. అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో ఇంటర్నేషనల్ కంట్రోల్ సర్వీసెస్ అనే ఎలక్ట్రానిక్ పరికరాల తయారీ సంస్థ విషయంలో 2022లో ఇదే జరిగింది. పాస్‌వర్డ్‌తో పాటు, ఫోనుకు వచ్చే కోడ్ వంటి రెండో ధ్రువీకరణ కూడా వాడుతున్నామని ఆ సంస్థ ఫారంలో తెలిపింది. రాన్సమ్‌వేర్ దాడి (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే దాడి) తరువాత జరిగిన విచారణలో, ఆ రక్షణ నెట్‌వర్క్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్‌కు మాత్రమే ఉందని, మిగిలిన చోట్ల లేదని తేలిందంటూ బీమా సంస్థ ట్రావెలర్స్ కోర్టుకు వెళ్లింది. కొద్ది వారాలలోనే ఉభయులూ పాలసీని మొదటి నుంచీ చెల్లనిదిగా రద్దు చేసుకోవడానికి అంగీకరించారు. క్లెయిమ్‌లో కొంత భాగం తగ్గించి ఇవ్వడం వేరు, పాలసీయే పుట్టలేదనడం వేరు. ఇక్కడ రెండోది జరిగింది. టిక్ ఎవరు పెట్టారన్నది ఆ రోజు లెక్కలోకి రాదు, ఫారం చివర ఎవరి సంతకం ఉందన్నదే లెక్కలోకి వస్తుంది.

ఇక మీ మిత్రుడి నష్టం. ఇది మీ వ్యాపారానికి అన్నిటికంటే దగ్గరలో ఉన్న ప్రమాదం కాబట్టి కొంత వివరంగా చెప్పవలసి ఉంది. మోసగాడు ముందుగా ఒక నకిలీ లాగిన్ పేజీ ద్వారా మీ ఆఫీసులో ఎవరో ఒకరి పాస్‌వర్డ్ సంపాదిస్తాడు. ఆ వెంటనే దొంగతనానికి పూనుకోడు. వచ్చే ప్రతి మెయిల్ నకలు తనకు చేరేలా ఒక ఫార్వర్డింగ్ రూల్ పెట్టుకుని, ఏ బయ్యర్‌కు ఏ కౌంటు సరుకు, ఏ ధరకు, ఏ తేదీన కంటైనర్ ఎక్కుతోందో చదువుతూ కూర్చుంటాడు. బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కిన పత్రం) నకలు బయ్యర్‌కు వెళ్లి, సొమ్ము రావలసిన సమయం దగ్గర పడగానే, మీ చిరునామాను పోలిన మరో చిరునామా నుంచి, మీ లెటర్‌హెడ్ మీదే, ఆడిట్ కారణంగా పాత ఖాతా నిలిపివేశామని, ఈసారి ఈ కొత్త ఖాతాకు పంపమని ఉత్తరం వెళుతుంది. ఆంగ్ల ‘ఎమ్’ అక్షరం ఉండవలసిన చోట ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. ఒకప్పుడు ఇటువంటి ఉత్తరాలను తప్పుల తడక ఆంగ్లం పట్టి ఇచ్చేది. కృత్రిమ మేధ సాధనాలు వచ్చాక ఆ ఆధారం కూడా పోయింది. ఈ తరహా మెయిల్ మోసాల వల్ల 2024లో తమకు ఫిర్యాదు అందిన నష్టమే సుమారు 277 కోట్ల డాలర్లని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ లెక్క కట్టింది.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. డబ్బు పంపినది బయ్యర్. పోయినది కూడా, పైకి చూస్తే, బయ్యర్ డబ్బే. మీ ఖాతాలోంచి ఒక్క రూపాయి బయటకు పోలేదు. చాలా సైబర్ పాలసీలలో ‘సోషల్ ఇంజనీరింగ్ మోసం’ లేదా ‘ఫండ్స్ ట్రాన్స్‌ఫర్ మోసం’ పేరుతో ఉండే కవర్, మీ ఉద్యోగి మోసపోయి మీ ఖాతా నుంచి డబ్బు బయటకు పంపినప్పుడు వర్తించేలా రాసి ఉంటుంది. ఉదాహరణకు, అట్టపెట్టెల సరఫరాదారు పేరుతో వచ్చిన నకిలీ మెయిల్ నమ్మి మీరు చెల్లిస్తే ఆ కవర్ పని చేయవచ్చు. మీకు రావలసిన సొమ్ము దారి తప్పితే పని చేయదు. దానికి ‘ఇన్‌వాయిస్ మానిప్యులేషన్’ అనే వేరే క్లాజు అడిగి, ఎండార్స్‌మెంటుగా, అంటే పాలసీకి అనుబంధంగా, రాయించుకోవాలి. మీ మెయిల్ వ్యవస్థలోకి చొరబాటు జరిగినందువల్ల మీ బయ్యర్ తప్పుడు ఖాతాకు చెల్లించి, మీకు రావలసినది రాకపోతే, ఆ నష్టాన్ని భరించేది ఆ క్లాజు. కొన్ని పాలసీలలో మీ ఖర్చును మాత్రమే ఇస్తారు, లాభం భాగం ఇవ్వరు. చొరబాటు బయ్యర్ వైపు జరిగి ఉంటే అసలే ఇవ్వకపోవచ్చు. ఇది కాక, తప్పు మీ మెయిల్‌దేనంటూ బయ్యర్ మీ మీద దావా వేస్తే, ఆ బాధ్యతకు, లాయరు ఖర్చులకు మూడో పక్షపు కవర్ కావాలి. అమెరికా కోర్టులలో వేసే దావాలకు కూడా అది వర్తిస్తుందా అన్నది పాలసీలోని భూభాగ పరిధి, న్యాయస్థాన పరిధి చూస్తే తెలుస్తుంది. అక్కడ ‘భారతదేశం మాత్రమే’ అని ఉంటే, అమెరికాకు సరుకు పంపే మీకు ఆ భాగం దండగ.

ఇవన్నీ ఉన్నా, పాలసీ మొదటి పేజీ మీది 2 కోట్లను చూసి నిశ్చింత పడవద్దు. ఈ మోసాలకు సంబంధించిన కవర్లకు దాదాపు ఎప్పుడూ విడిగా ఒక ఉప పరిమితి ఉంటుంది, అది మొత్తంలో చిన్న భాగమే. మీ ఒక్కొక్క కంటైనర్ విలువ ఎంతో మీకు తెలుసు. ఉప పరిమితి ఒక కంటైనర్‌కు కూడా సరిపోకపోతే, మొత్తం పాలసీని 2 కోట్ల నుంచి కోటికి తగ్గించుకుని అయినా ఆ ఒక్క పరిమితిని పెంచమని అడగండి. నా మట్టుకు నేను అదే చేస్తాను. అలాగే ఈ కవర్‌కు ఒక షరతు ఉండడం మామూలు: ఖాతా మార్పు కోరుతూ వచ్చిన ప్రతి సందేశాన్ని, ఆ సందేశంలో ఇచ్చిన నంబరుకు కాకుండా, ముందు నుంచీ మీ దగ్గర ఉన్న నంబరుకు ఫోను చేసి నిర్ధారించుకోవాలి. ఆ ఫోను చేయకపోతే క్లెయిమ్ లేదు. గొంతు విన్నంత మాత్రాన సరిపోదనడానికీ ఉదాహరణ ఉంది. 2024 ఆరంభంలో ఆరప్ అనే ఇంజనీరింగ్ సంస్థ హాంకాంగ్ కార్యాలయంలో ఒక ఉద్యోగి, వీడియో సమావేశంలో తన పై అధికారులే కనిపించి మాట్లాడారని నమ్మి సుమారు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు బదిలీ చేశాడు. తెర మీద కనిపించినవారందరూ కృత్రిమ మేధతో సృష్టించిన డీప్‌ఫేక్ బొమ్మలే. అందువల్ల మీ బయ్యర్లందరికీ ఇప్పుడే, పాలసీతో నిమిత్తం లేకుండా, మా ఖాతా మెయిల్ ద్వారా ఎన్నటికీ మారదని, మారితే మేమే ఫోను చేస్తామని, మీరు కూడా తిరిగి ఫోను చేసి అడగాలని రాతపూర్వకంగా తెలియజేయండి. ఆ వాక్యాన్ని ప్రతి ప్రొఫార్మా ఇన్‌వాయిస్ అడుగున అచ్చు వేయించండి. దానికి ఖర్చేమీ లేదు.

మీకున్న మూడు పాలసీల విషయానికి వస్తే, అవి ఈ ఖాళీని పూరించవు. మెరైన్ పాలసీలకు 2003 నాటి ‘సీఎల్ 380’ అనే సైబర్ దాడి మినహాయింపు క్లాజు జతపరచడం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. హాని తలపెట్టి కంప్యూటర్‌ను సాధనంగా వాడినందువల్ల కలిగే నష్టాన్ని అది తీసివేస్తుంది. ఫైర్ పాలసీలలో కూడా ఇటీవల అటువంటి మినహాయింపులు విరివిగా చేరుతున్నాయి, కాబట్టి మీ పాలసీ వెనుక ఉన్న ఎండార్స్‌మెంట్లను ఒకసారి చదివించుకోండి. ఈసీజీసీ కవర్ బయ్యర్ దివాలా తీయడం, చెల్లించకపోవడం వంటి వాటికి ఉద్దేశించినది. ‘మేము చెల్లించాం, మీ మెయిల్ చెప్పిన ఖాతాకే చెల్లించాం’ అని బయ్యర్ అంటే అది వివాదం కిందికి వస్తుంది, వివాదం తేలేదాకా ఆ క్లెయిమ్ ముందుకు కదలడం కష్టం.

ఒక విషయం మీరు అడగలేదు గానీ, రొయ్యల వ్యాపారం కాబట్టి చెప్పాలి. మీ బ్లాస్ట్ ఫ్రీజర్లు, కోల్డ్ స్టోరేజీ ఉష్ణోగ్రతలు ఇంటర్నెట్‌కు కలిపిన కంట్రోలర్ మీద నడుస్తున్నాయా? ఎవరో లోపలికి వచ్చి దాన్ని ఆపితే సరుకు పాడవుతుంది. పాడైన సరుకు భౌతిక ఆస్తి నష్టం కిందికి వస్తుంది, సైబర్ పాలసీలు మామూలుగా భౌతిక నష్టాన్ని మినహాయిస్తాయి. సరుకు చెడిపోవడానికి ఇచ్చే డిటీరియరేషన్ ఆఫ్ స్టాక్స్ పాలసీ యంత్రం చెడిపోయినప్పుడు వర్తించేలా రాసి ఉంటుంది, దాడి వల్ల ఆగితే వర్తిస్తుందో లేదో ఆ కంపెనీని అడిగి రాతలో తీసుకోవాలి. జవాబు కోసం ఎదురుచూడకుండా ఆ కంట్రోలర్‌ను ఆఫీసు నెట్‌వర్క్ నుంచి వేరు చేయించండి.

చిన్నవాళ్ల జోలికి ఎవరు వస్తారన్న మీ అకౌంటెంటు మాట నేను ప్రతి పట్టణంలోనూ వింటున్నాను. దాడి చేసేవాడు పెద్దా చిన్నా చూసి ఎంచుకోడు, తలుపు తెరిచి ఉన్నవాళ్లందరినీ ఒకేసారి వల వేసి లాగుతాడు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. వాటి మీద ఎవరికీ ప్రత్యేకమైన కక్ష లేదు. 2024 జులై చివర మరో పద్ధతి చూశాం. సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ అనే సాంకేతిక సేవల సంస్థ మీద రాన్సమ్‌వేర్ దాడి జరగడంతో, దాని మీద ఆధారపడిన సుమారు 300 సహకార, గ్రామీణ బ్యాంకులను చెల్లింపుల వ్యవస్థ నుంచి తాత్కాలికంగా వేరు చేయవలసి వచ్చింది. ఆ బ్యాంకులు తమ తలుపులు వేసుకునే ఉన్నాయి, సేవలు అందించే సంస్థ తలుపు తెరుచుకుంది. మీ అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ఏ క్లౌడ్ మీద ఉంది, ఎవరి చేతిలో ఉందో ఆలోచించండి. వారి దగ్గర ఆటంకం వస్తే మీ నష్టం చెల్లించే ‘ఆధారిత వ్యాపార అంతరాయం’ కవర్ ఉందో లేదో చూడండి. దాడి ఏమీ లేకుండా, క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల 2024 జులై 19న 85 లక్షల విండోస్ యంత్రాలు ఆగిపోయిన సందర్భం కూడా ఉంది. అటువంటి దానికి ‘సిస్టమ్ ఫెయిల్యూర్’ అన్న మాట పాలసీలో విడిగా ఉండాలి.

రాన్సమ్‌వేర్ తీరు కూడా మారింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే దశ దాటి, ముందు ఫైళ్లను ఎత్తుకుపోయి, ఇవ్వకపోతే బయటపెడతామని బెదిరించే దశకు వచ్చింది. బ్యాకప్ మొదటి దానికి మందు, రెండో దానికి కాదు. డబ్బు ఇచ్చినా భరోసా లేదు. 2024లో అమెరికాలోని ఛేంజ్ హెల్త్‌కేర్ సంస్థ 2 కోట్ల 20 లక్షల డాలర్లు చెల్లించిన తరువాత కూడా, ఆ డేటా తమ దగ్గరే ఉందంటూ మరో ముఠా బెదిరింపులు మొదలుపెట్టింది. ఆ దాడికి దారి ఇచ్చింది రెండో ధ్రువీకరణ లేని ఒక్క రిమోట్ లాగిన్ అని మాతృసంస్థ అధిపతి అమెరికా కాంగ్రెస్ ముందు ఒప్పుకున్నారు. మీ ఫారంలో ఏజెంటు ‘అవును’ పెట్టిన ప్రశ్నలలో ఇది తప్పకుండా ఉండి ఉంటుంది.

అయితే బీమా ఉంటే గట్టెక్కుతామా అంటే, రెండు రకాల ఉదాహరణలూ ఉన్నాయి. బ్రిటన్‌లో మార్క్స్ అండ్ స్పెన్సర్ 2025 ఏప్రిల్ దాడి తరువాత బీమా నుంచి 10 కోట్ల పౌండ్లు అందుకుంది, ఆ సంస్థ మొదట అంచనా వేసిన నష్టం సుమారు 30 కోట్ల పౌండ్లు. అదే దేశంలో 158 ఏళ్ల చరిత్ర ఉన్న కేఎన్‌పీ అనే లారీ రవాణా సంస్థ 2023లో దాడికి గురైంది. దానికి సైబర్ బీమా ఉంది. ఒక ఉద్యోగి బలహీనమైన పాస్‌వర్డ్‌ను ఊహించి లోపలికి వచ్చినవారు రికార్డులన్నిటినీ స్తంభింపజేయడంతో, సంస్థ మూతపడి సుమారు 700 మంది ఉద్యోగాలు పోయాయి. బీమా డబ్బు తెస్తుంది, పోయిన లెక్కల పుస్తకాలను తెచ్చివ్వలేదు. కనుక కనీసం ఒక బ్యాకప్ ఏ నెట్‌వర్క్‌కూ తగిలించకుండా, విడిగా ఉండాలి. నెలకొకసారి అందులోంచి ఒక ఫైలు తెరిచి చూడాలి. తెరవని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను.

ఇంత చెప్పినా, పాలసీ తీసుకోమనే నా సలహా. మీవంటి మధ్యతరహా సంస్థకు అందులో అన్నిటికన్నా విలువైనది చెల్లింపు కంటే కూడా, దాడి జరిగిన రాత్రి ఫోను ఎత్తి, దర్యాప్తు నిపుణుడిని, సైబర్ చట్టం తెలిసిన లాయరును గంటలలో పంపించే ఏర్పాటు. భీమవరంలో అర్ధరాత్రి అటువంటివారిని సొంతంగా వెతుక్కోవడం ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కరలేదు. వ్యాపార అంతరాయం కవర్‌లో మొదటి కొన్ని గంటలు, తరచు 8 లేదా 12 గంటలు, నష్టపరిహారం లెక్కలోకి రావు. సీజనులో ఒక్క పూట ఆగితే మీకెంత నష్టమో చూసుకుని ఆ గంటలు తగ్గించమని బేరమాడండి. యుద్ధం, ప్రభుత్వాల అండతో జరిగే దాడుల మినహాయింపు ఉంటుంది. 2017 నాటి నాట్‌పెట్యా అనే సైబర్ దాడి నష్టం మీద మెర్క్ ఔషధ సంస్థ బీమా కంపెనీలతో ఏళ్ల తరబడి పోరాడి గెలిచిన తరువాత, లండన్‌లోని లాయిడ్స్ బీమా మార్కెట్ 2023 మార్చి 31 నుంచి ఇటువంటి మినహాయింపును సైబర్ పాలసీలలో తప్పనిసరి చేసింది. దానిని మీరు మార్పించలేరు, ఉన్నదని తెలిస్తే చాలు. డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం కింద భద్రతా లోపానికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే అవకాశం ఉంది. జరిమానాలను చట్టం అనుమతించిన మేరకే చెల్లిస్తామని పాలసీలు అంటాయి, అందుచేత వాటిని బీమా కడుతుందని లెక్క వేసుకోవద్దు.

నష్టం జరిగిన రోజు ఏం చేయాలో కూడా పాలసీతో పాటే సిద్ధం చేసుకోండి. పాలసీ నంబరు, హాట్‌లైన్ నంబరు, మీ బ్యాంకు అధికారి నంబరు, జాతీయ సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930 ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి, ఎందుకంటే ఆ రోజు కంప్యూటర్ తెరుచుకోదు. నిపుణులు చెప్పేదాకా యంత్రాలను ఫార్మాట్ చేయించవద్దు, తెలిసిన కుర్రాడెవరో వచ్చి శుభ్రం చేసి పెడితే ఆధారాలు పోతాయి, వాటితో పాటు క్లెయిమ్ కూడా పోవచ్చు. బీమా కంపెనీ ముందస్తు అంగీకారం లేకుండా దుండగులతో బేరం కుదుర్చుకోవద్దు. కంప్యూటర్ భద్రతా సంఘటనలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇటువంటి సంఘటనను గమనించిన 6 గంటలలోగా ఆ సంస్థకు తెలియజేయాలి. డబ్బు విదేశీ ఖాతాకు దారి మళ్లితే, బయ్యర్ వెంటనే తన బ్యాంకు ద్వారా బదిలీని వెనక్కి పిలిపించాలి, అమెరికా బయ్యర్ అయితే ఎఫ్‌బీఐ ఫిర్యాదు కేంద్రంలో కూడా నమోదు చేయాలి. సొమ్ము తిరిగి దొరికే అవకాశమంతా మొదటి రెండు మూడు రోజులలోనే ఉంటుంది.

చివరికి, మీ మెయిల్‌లో ఎవరైనా ఇప్పటికే ఉంటే ఏమిటన్న ప్రశ్న. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు అంటాం, మెయిల్ చొరబాట్లకు అది అక్షరాలా సరిపోతుంది. హైదరాబాదులోని ఏపీ మహేశ్ సహకార బ్యాంకులో 2022 జనవరిలో 12 కోట్లకు పైగా సొమ్ము మాయమైనప్పుడు, ఉద్యోగులకు వల విసిరే మెయిళ్లు అంతకు ముందు నవంబరులోనే వచ్చాయని పోలీసుల దర్యాప్తులో బయటపడింది. ఆ రెండు నెలల మధ్యలో బీమా కొని ఉంటే అన్నదే మీ సందేహం. పాలసీలో ‘రెట్రోయాక్టివ్ తేదీ’ అని ఒకటి ఉంటుంది. అంతకు ముందు మొదలైన చొరబాటుకు, అది మీకు తెలియకపోయినా, కవర్ ఉండదు. ఆ తేదీ పాలసీ మొదలయ్యే రోజే అయితే మీరు భయపడుతున్న ప్రమాదం సరిగ్గా బయట పడిపోతుంది. కనీసం ఏడాది, రెండేళ్లు వెనక్కి పెట్టమని, వీలైతే పరిమితి లేకుండా రాయమని అడగండి. రెన్యువల్ సమయంలో కంపెనీ మారినా పాత తేదీనే కొనసాగించాలి. అయితే మీకు ముందే తెలిసిన, అనుమానం ఉన్న సంఘటనలను దాచితే ఏ తేదీ కాపాడదు.

కాబట్టి ఈ వారంలో ప్రతి మెయిల్ ఖాతా సెట్టింగులు తెరిపించి, తెలియని ఫార్వర్డింగ్ రూల్ ఏదైనా ఉందేమో చూడండి. పాస్‌వర్డ్‌లన్నీ మార్పించి, అన్ని ఖాతాలకూ రెండో ధ్రువీకరణ పెట్టించండి. ఏదైనా అనుమానాస్పదంగా కనిపిస్తే దానిని తుడిచేయకుండా ఫొటో తీసి భద్రపరచి, ఫారంలో ఆ విషయం రాయండి. ఆ తరువాత ఏజెంటును ఖాళీ ఫారం తెమ్మని, మీ కంప్యూటర్లు చూసుకునే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క ప్రశ్నకు మీరే జవాబు రాయండి. లేనిచోట ‘లేదు’ అని రాసి, ఏ తేదీలోగా ఏర్పాటు చేస్తారో పక్కన పేర్కొనండి. ప్రీమియం కొంత పెరగవచ్చు, ఒక కంపెనీ నిరాకరించనూ వచ్చు, అప్పుడు మరో కంపెనీని అడగవచ్చు. నింపిన ఫారం నకలు ఒకటి, ఏజెంటు సంతకం, తేదీతో సహా, మీ దగ్గర ఉంచుకోండి.